తొమ్మిది వాటాల నక్షా

భూపాల్‌కు కోపం వస్తే మాట పోతుంది. కొందరి కోపం నోటికి వస్తుంది, కొందరిది చేతికి వస్తుంది. అతనిది మాత్రం గొంతుదాకా వచ్చి, లోపలి నుంచి గడియ పెట్టుకొని కూర్చుంటుంది. ఇంట్లోవాళ్ళు దానికి అలవాటు పడ్డారు, ఆఫీసులోవాళ్ళు దాన్ని మంచితనం అనుకున్నారు. ఆ గడియ వల్ల ఎంత నష్టం జరగగలదో అతనికి యాభై నాలుగో ఏట, ఆషాఢమాసంలో ఒక సోమవారం ఉదయం తెలిసింది.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు వెళ్ళే దారిలో ఒక సందు మొగలో ఉంది వాళ్ళ ఆఫీసు. కింద కళ్ళద్దాల దుకాణం, దాని పైన ఒక ఆడిటరు గది, ఆ పైన ‘గోపాలరావు అండ్ సన్’. ఇళ్ళూ స్థలాలూ కొలిచి నక్షాలు గీసి ఇవ్వడం వాళ్ళ వృత్తి. నక్షాను పటమనీ అనవచ్చు. కాని ఈ ఊళ్ళో గోడ దగ్గర తగవు పడిన ఏ మనిషీ ఇంతవరకు పటం తెమ్మని అడగలేదు, నక్షా తెమ్మనే అడిగాడు. వాడుకలో బతికి ఉన్న మాటను కాదని నిఘంటువులో నిద్రపోతున్న మాటను లేపడం మర్యాద కాదు కనుక, నక్షా అనే అందాం.

ఆ సోమవారం భూపాలే తాళం తీసి, మెట్ల పక్కనున్న మెయిన్ స్విచ్ పైకెత్తాడు. సందులోని కరెంటు స్తంభం మీద పెద్ద చప్పుడైంది. దీపాలు ఒక్క క్షణం కళ్ళు చెదిరేటంత తెల్లగా వెలిగి ఆరిపోయాయి. మూలనున్న అద్దాల గదిలోంచి కాలిన వాసన వచ్చింది. ఆ గదిలో ఉండేది సర్వర్ ఒక్కటే. ఆఫీసులోని పదకొండు కంప్యూటర్లూ తమ పనినంతా దాచుకొనే నల్లని పెట్టె అది. ఎవరి యంత్రంలోనూ ఏ ఫైలూ విడిగా ఉంచుకోరాదని నియమం కూడా ఉంది. లోపలి డిస్కులు రెండూ కాలిపోయాయి. వాటికి కాపలాగా పెట్టిన యూపీఎస్ బ్యాటరీలు ఏనాడో నీరసించి పేరుకు మిగిలాయి.

గోపాలరావు గారి కొడుకు వంశీధర్ పదిన్నరకు వచ్చి, వాసన పీల్చి, కుర్చీలో కూర్చుని టీ తెప్పించుకున్నాడు.

“పోతే పోయిందిలే భూపాల్, పాత డబ్బా. క్లౌడ్‌లో అంతా ఉందిగా. కొత్తది కొని కిందికి దింపుకుందాం.”

సర్వర్‌లోని ఫైళ్ళకు నకళ్ళు తీసి, ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో దూరాన మరొకరి యంత్రాల్లో భద్రపరిచే ఏర్పాటును వంశీధర్ జనవరిలో పెట్టించాడు. దాన్నే అతను క్లౌడ్ అంటున్నాడు. ఆ క్లౌడ్‌లో ఏముందో, ఏం లేదో ఆ గదిలో తెలిసినవాడు భూపాల్ ఒక్కడే.

మధ్యాహ్నానికి ఆ ఏర్పాటు చేసిన సుశాంత్ హిమాయత్‌నగర్ నుంచి ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చాడు. ఇరవై ఏడేళ్ళవాడు, మాట చురుకు, చెవి మందం. కాసేపు వేళ్ళు ఆడించి, తల గోక్కున్నాడు.

“సార్, లాస్ట్ కాపీ జనవరి పన్నెండు ఉంది.”

“తరవాతది చూడు.”

“తరవాతది లేదు సార్. రోజూ రాత్రి పదకొండుకు మా సిస్టమ్ మీ సర్వర్‌ని పిలుస్తది. మీ సర్వర్ పలుకుతలేదు. పలకకపోతే మీకు మెయిల్ పోతది. నూట డెబ్బై అయిదు మెయిల్స్ పోయినయి మీకు.”

“నాకా?”

వంశీధర్ ఫోను తీసి వెతికాడు. ఆ మెయిల్ ఉత్తరాలన్నీ వచ్చినవి వచ్చినట్టే కంటపడకుండా పక్క ఫోల్డరులోకి జారిపోయే ఏర్పాటు అతనే చేసుకున్నాడు, రోజూ విసిగిస్తున్నాయని. ఒక్కటీ తెరవలేదు. అతని ముఖం మీది రంగు మారడం చూసిన భూపాల్‌కు జాలి కలగలేదు. కోపం కలిగింది. ఆ కోపం మొదట వంశీధర్ మీదికి వెళ్ళింది, తరవాత సుశాంత్ మీదికి వెళ్ళింది. ఆ తరవాత నిలవడానికి ఎక్కడా చోటు దొరక్క మళ్ళీ అతని దగ్గరికే వచ్చింది.

రాత్రి పదకొండు గంటలకు సర్వర్ ఎందుకు పలకదంటే, ఆ ఆఫీసులో రాత్రిపూట కరెంటే ఉండదు. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి.

గోపాలరావు గారు కోస్తా నుంచి వచ్చిన కుటుంబంవారు. యాభై ఆరులో రాజధాని మారినప్పుడు తండ్రి గుమాస్తాగా వస్తే, వెంట చేతిసంచితో వచ్చిన పిల్లవాడాయన. ఆఫీసు పెట్టిన కొత్తల్లో ఒక రాత్రి పక్క భవనంలోని బట్టల గోదాములో తీగలు రాజుకొని తెల్లవారేసరికి మసి మిగిలింది. ఆనాటి నుంచి ఆయన ఒక నియమం పెట్టారు: సాయంత్రం ఎవరు ఆఖరున వెళ్తే వారు మెయిన్ కిందికి దించి, ఒకసారి తడిమి చూసి, అప్పుడే తాళం వేయాలి. ఆయన పోయి నాలుగేళ్ళయింది. వంశీధర్ తండ్రి మాటల్లో చాలావాటిని మార్చాడు గాని, దీన్ని మార్చలేదు. ప్రతి సాయంత్రం ఎనిమిదింటికి స్వయంగా మెయిన్ దించి, తండ్రి ఫోటోకు దండం పెట్టి దిగుతాడు. చేసే చేతికి అది ఆఫీసు పని అనిపించదు, తండ్రి తిథి అంత పవిత్రమైన విధి. అందుకే, రాత్రి పదకొండింటి బ్యాకప్‌కు కాగితం మీద సంతకం పెట్టిన చేయీ రోజూ మెయిన్ దించే చేయీ ఒకటేనని ఆరు నెలలపాటు ఆ చేతికే తెలియలేదు.

భూపాల్ మాత్రం మొదటి రోజే గ్రహించాడు.

అతను నాంపల్లి స్టేషను వెనక పుట్టినవాడు. తాత, తండ్రి ఈ ఊళ్ళోనే బడిపంతుళ్ళు. డిప్లొమా చదివి, ఇరవై అయిదేళ్ళ వయసులో గోపాలరావు గారి దగ్గర టేపు పట్టుకొనే పనిలో చేరాడు. బేగంబజారు, అఫ్జల్‌గంజ్ సందుల్లో అతను కొలవని గోడ తక్కువ. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు నడిమిగోడలోని దీపపు గూడు నాదంటే నాదని పంతొమ్మిదేళ్ళు మాటలు మానుకొన్న ఇంటికి వెళ్ళాడు. ఒకరు గూట్లో దీపం పెడితే, మరొకరు అవతలి నుంచి గోడకు మేకు కొట్టేవారు. ఏం చేయమంటారని ఆ రోజు భూపాల్ అడిగితే, గోపాలరావు గారు అన్నారు: “గోడ మందం కొలువు నాయనా. సగానికి గీత గియ్యి. నోరు మూసుకుని బయటికి రా. మనకు న్యాయం తెలియదు, కొలత తెలుసు.” భూపాల్ ఆ మాటనే బతుకంతా పట్టుకొన్నాడు. బహుశా నోరు మూసుకొమ్మన్న భాగాన్ని అవసరానికి మించి పట్టుకొన్నాడు.

సర్వర్ వచ్చినప్పటి నుంచి దాని సంరక్షణ కూడా అతనిదే అయింది. సాయంత్రం మెయిన్ దించకముందే దాన్ని పద్ధతిగా ఆపేవాడు, పొద్దున లేపేవాడు. ప్రతి శనివారం ఫైళ్ళన్నీ ఒక చిన్న డిస్కులోకి నకలు తీసి, టిఫిను సంచిలో పెట్టుకొని ఇంటికి తీసుకుపోయి బీరువాలో దాచేవాడు. పదిహేనేళ్ళపాటు ఒక్క శనివారమూ తప్పలేదు.

జనవరి రెండో శనివారంనాడు సుశాంత్ వచ్చాడు. శని, ఆదివారాలు రెండూ ఆఫీసులోనే దీపాలు వేసుకొని కూర్చుని మొదటి నకలు మొత్తం పైకి పంపాడు. సోమవారం ఉదయం తెర మీద పచ్చగుర్తు చూపించాడు. వంశీధర్ అందరికీ ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. అప్పుడే భూపాల్ అడిగాడు.

“ఇగ రోజూ ఎన్నింటికి పోతది ఇది?”

“రాత్రి పదకొండుకు పెట్టిన అంకుల్. పగలైతే నెట్ స్లో అయితది.”

“రాత్రి మెయిన్ బంద్ ఉంటది గదా గీడ.”

“క్లౌడ్‌కి మీ కరెంటెందుకంకుల్? అది పైన ఉంటది. మబ్బులల్ల.”

పదకొండుమంది నవ్వారు. వంశీధర్ కూడా బిస్కెట్టు ముక్క నోట్లో ఉండగానే నవ్వాడు. టిఫిను సంచిలోని డిస్కు చూసి సుశాంత్ మరో మాట అన్నాడు: “దీన్ని బీరువాల పెడ్తరా? బంగారమా అంకుల్?” మళ్ళీ నవ్వారు. ఇంక ఆ మోత అక్కర్లేదు, హాయిగా ఉత్తచేతులతో ఇంటికి పొమ్మని వంశీధర్ అన్నాడు. దానికి తోడు, కొలతలు పుస్తకాల్లో రాసుకోవడం కూడా మానమనీ, లేజర్ మీటరు నుంచి నేరుగా ఫైల్లోకి ఎక్కించమనీ అదే వారంలో ఆజ్ఞ అయింది.

భూపాల్ గొంతులో గడియ పడింది. మబ్బుల నుంచి కరెంటు తెచ్చుకొని చూపించు బిడ్డా అనుకున్నాడు. మరునాటి ఉదయం సర్వర్ లేపగానే తెర మూలన నారింజరంగు గుర్తు కనబడింది: రాత్రి నకలు పోలేదు. అతను దాని మీద నొక్కి మూసేశాడు. ఆ మరునాడూ మూసేశాడు. మొదటి వారం ఎవరైనా వచ్చి అడుగుతారని చూశాడు. రెండో వారం, అడిగితే ఏమనాలో మనసులో చక్కగా వాక్యం కట్టుకొన్నాడు. ఎవరూ అడగలేదు. ఆ వాక్యం పులిసిపోయింది. ఆ తరవాత మూయడం అలవాటైంది. మొహం కడుక్కోవడం ఎలాగో అదీ అలాగే. శనివారపు డిస్కు కూడా జనవరితోనే ఆగిపోయింది. నవ్వినవాళ్ళ కోసం మోయడమెందుకనుకొన్నాడు.

జనవరి తరవాత గీసిన నక్షాల్లో చాలావాటికి ఇబ్బంది లేదు. అవి ముద్రితమై, సంతకాలు పడి, యజమానుల ఇళ్ళకు చేరాయి. ఎక్కడా మరో ప్రతి లేనిది ఒక్కటే. బేగంబజారులో తొమ్మిది వాటాల ఇంటి నక్షా.

నూరేళ్ళు దాటిన ఇల్లది. నడుమ బావి, చుట్టూ ఒకే వంశానికి చెందిన తొమ్మిది కుటుంబాలు, తొమ్మిది పొయ్యిలు. గోడలు బీటలిచ్చి, ఈ వానాకాలం నిలవదని తేలాక, కూల్చి కట్టుకొందామని అందరూ ఒప్పుకొన్నారు. అయితే పాత ఇంట్లో ఎవరికి ఎంత ఉందో కొత్త ఇంట్లోనూ అంతే ఉండాలన్నారు. మార్చిలో భూపాల్ పదహారు రోజులు తిరిగి ప్రతి గోడా కొలిచాడు. ఏప్రిల్‌లో తొమ్మిదిమందీ ఆఫీసుకు వచ్చి తెర మీద చూసి సరేనన్నారు. కాగితం మాత్రం బయటికి పోలేదు. సంతకాలు కాని నక్షా ఒక్క ప్రతి అయినా ఇవ్వనని భూపాల్ పట్టుదల. అలా ఇస్తే దానికి తొమ్మిది జిరాక్సులు, తొమ్మిది దిద్దుబాట్లు పుడతాయని అతని అనుభవం. ఒకాయన ఫోనుతో తెరను ఫోటో తీయబోతే చేయి పట్టుకొని మరీ ఆపాడు. తరవాత వాళ్ళలో ఒకరింట పెళ్ళిపనులు, ఆ పైన వానలకు ముందే కూల్చివేత, అంతలోకి ఆషాఢం. శూన్యమాసంలో వాటాల కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళు ఆ వంశంలో లేరు. శ్రావణం రాగానే మంచిరోజు చూసి పెడతామన్నారు.

ఇల్లు నేలమట్టమైంది. గోడలకు సాక్ష్యం ఆ ఫైలొక్కటే. అది ఆ సోమవారం ఉదయం కాలిపోయింది.

వంశీధర్ సుశాంత్‌ను బయట కూర్చోబెట్టి, భూపాల్‌ను తన గదిలోకి పిలిచాడు.

“ఆ ఇల్లు నీకు కంఠతా వచ్చుగా.”

భూపాల్ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“పదహారు రోజులు కొలిచావు. తెర ముందు కూర్చుంటే చెయ్యే గీసుకుపోతుంది. గీసెయ్. ఎవరికీ తెలియక్కర్లేదు. అంగుళం అటూ ఇటూ అయితే మాత్రం ఎవరు పట్టుకుంటారు? ఇప్పుడు గోడలే లేవుగా.”

మామూలుగానైతే ఇక్కడే గడియ పడేది. ఆ రోజు ఎందుకో గడియే విరిగింది.

“గోడల్లేవనే గద సార్, వాళ్ళకు నక్షా కావాలె.”

“అరవకు భూపాల్.”

“అరుస్తలే. ముప్పై ఏండ్ల సంది అరవలే. మీ నాయిన ఉండంగ తప్పు కొలత ఒక్కటి పోలే గీ మెట్లు దిగి. ఇయ్యాల నన్ను గుర్తుతోని గీయమంటున్నరు.”

“ఏం, నీకంత రోషం ఉంటే మరి రాత్రి సర్వర్ ఆగి ఉంటుందని నాకు ఎందుకు చెప్పలేదు? రోజూ పొద్దున్నే దాని ముందు కూర్చునేది నువ్వే కదా. తెర మీద కనబడదా?”

తలుపు అవతల సుశాంత్ తల ఎత్తాడు. భూపాల్ తన దగ్గరున్న జవాబులన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకొన్నాడు. చెప్పాను, నవ్వారు, నిజమే. ఉత్తరాలు నీకు వచ్చాయి, నిజమే. సమయం పెట్టింది ఆ అబ్బాయి; నిజమే. ఇన్ని నిజాలు చేతిలో ఉండి కూడా ఆ ప్రశ్నకు ఒక్కటీ సరిపోలేదు. అతను చెప్పులు వేసుకొని మెట్లు దిగిపోయాడు.

ఇంట్లో భార్య నవత అప్పుడే ఉదయం డ్యూటీ ముగించుకొని దవాఖాన నుంచి వచ్చి బియ్యం కడుగుతోంది. నర్సుగా ఇరవై రెండేళ్ళ నుంచి పని చేస్తోంది. భూపాల్ నిలబడే అంతా చెప్పాడు. చెప్పినంతసేపూ వంశీధర్‌నూ సుశాంత్‌నూ తిట్టాడు. ఆమె బియ్యంలో చేయి ఆపకుండా వింది.

“అయితే నీకు ఎరికే.”

“ఎరికే. చెప్తే నవ్విన్రని చెప్తున్న గద.”

“మా వార్డుల శ్రీవిద్యకు నాకు మూడేండ్ల సంది మాటల్లేవ్. నా మొఖం ఆమె చూడది, ఆమె మొఖం నేను చూడ. డ్యూటీ మారేటప్పుడు మాత్రం మంచం మంచం కాడ నిలబడి చెప్పుకుంటం. ఎవరికి సూది ఇచ్చినం, ఎవరు పొద్దున సంది ఏం తినలే, ఎవరికి జ్వరం ఎక్కుతుంది. అంతా చెప్పినంక మల్ల మొఖం తిప్పుకుంటం. అలిగి చెప్పకపోతే పానం పోయేది నాది గాదు, శ్రీవిద్యది గాదు.”

“నువ్వు గూడ నన్నే అంటవా.”

“నిన్ను గాక ఎవర్నంట? నా మొగనివి నువ్వే గద.”

అతనికి కోపం వచ్చింది. కాని ఈసారి ఆ కోపాన్ని మోపడానికి తాను తప్ప మరెవరూ మిగల్లేదు. అన్నం తినలేదు. రాత్రంతా, ఆ తొమ్మిది వాటాల ఇంట్లో బావి గట్టు నుంచి మొదలుపెట్టి గది తరవాత గది మనసులో కొలుచుకుంటూ వెళ్ళాడు. చాలావరకు వచ్చాయి. అక్కడక్కడ ఆగిపోయాయి. ఆగిపోయిన చోట మనసు తనంతట తాను ఒక అంకె వేసి ముందుకు నడిచిపోతోందని గమనించాక, అతనికి భయం వేసింది.

మరునాడు బేగంబజారులో దుకాణాలు తెరిచే వేళకు విద్యావతి కొట్టు ముందు నిలబడ్డాడు. తొమ్మిది వాటాలవాళ్ళలో వయసులో పెద్దది ఆమె; అరవై ఆరేళ్ళు. భర్త పోయాక యాలకులు, లవంగాల దుకాణం తానే నడుపుతోంది. ఇల్లు కూల్చాక అఫ్జల్‌గంజ్‌లో కిరాయికి ఉంటోంది. నక్షా పని భూపాల్‌కు ఇప్పించింది కూడా ఆమే.

“రా తమ్మీ. శ్రావణం ఇంక రెండు వారాల పైనున్నది గద, అప్పుడే తెచ్చినవా?”

“నక్షా లేదక్కా.”

“లేదంటే? ఇంక గాలేదా?”

“అయింది. పోయింది. కంప్యూటర్ కాలింది.”

“దానికి నకల్ ఉంటది గద. మా పోరగాళ్ళు అన్నరు, అదేందో క్లౌడ్ అని.”

“నకల్ పోతలేదు అండ్లకు. ఆర్నెల్ల సంది. పోతలేదని నాకు ఎరికే. చెప్పలే.”

విద్యావతి తక్కెట్లో సగం పోసిన యాలకులను అలాగే వదిలేసింది.

“ఎందుకు చెప్పలే?”

“మొదలు చెప్తే నవ్విన్రు. ఇగ మల్ల చెప్పలే.”

“నవ్విన్రని.” ఆమె ఆ మాటను నాణెంలా తిప్పి చూసింది. “మా ఇంట్ల తొమ్మిది పొయ్యిలుండె. దినాం ఒకరు ఒకర్ని నవ్వేటోళ్ళే. నా కోడలి నడక జూసి అవతలోళ్ళు నవ్విన్రు, ఆల్ల ముసలామె గురక ఇని మేం నవ్వినం. నవ్విన్రని ఎవ్వరన్న బాయిల విషం పోసిన్రా? మా విద్యాసాగర్ ఫోన్ల ఫోటో తీస్తనంటే చెయ్యి పట్టుకొని ఆపినవ్. అప్పుడు నోరున్నది గద నీకు.”

విద్యాసాగర్ ఆమె మరిది కొడుకు. అతని వాటా, ఆమె వాటా ఒకే గోడకు రెండు వైపులు.

“మా వంశీ సార్ గుర్తు మీద గీయమన్నడు. గీస్తే మీకు తెల్వదు. నేను గీయ.”

“మరేం జేస్తవ్?”

“గోడ కూలింది గాని, గోడ కింద పునాది భూమిల్నే ఉంటది. సున్నం, రాయి. మట్టి తీస్తే కనవడ్తది. ఎడల్పు కొలిచి నడిమికి గీత గీస్తే, గోడ నడిమి అదే.”

విద్యావతి ముఖం ఇంకా గట్టిపడింది.

“రాళ్ళు నిన్ననే పీకుడు షురూ జేసిన్రు. పడమటి దిక్కు నుంచి.”

ఆ మాట పూర్తికాకముందే భూపాల్ సందులోకి పరుగు తీశాడు. అతని వయసుకు, మోకాళ్ళకు అది పరుగని చెప్పడం అతిశయోక్తే గాని, మిరపకాయల బస్తాలు మోసే హమాలీలు పక్కకు జరిగి దారి ఇచ్చారు. తవ్వే యంత్రం అప్పుడే పళ్ళు ఎత్తుతోంది. డ్రైవరు ముందు రెండు చేతులూ చాచి నిలబడి, అతను జీవితంలో మొదటిసారి నడిబజారులో గొంతు చించుకొని అరిచాడు. వెనకాలే వచ్చిన విద్యావతి ఒక్కమాటతో యంత్రాన్ని ఆపించింది.

అక్కడి నుంచే ఆఫీసుకు ఫోను చేశాడు.

“వంశీ సార్, పాత టేపు తీసుకొని మీరే రాన్రి. ఇంకొకర్ని పంపకున్రి. ఆ పోరడు ఉన్నడా? వానికి చెప్పున్రి, బ్యాకప్ టైము పగలు ఒంటిగంటకు మార్చమని. అన్నం తినేటప్పుడు నెట్ స్లో అయితే ఎవ్వరు సావరు. ఒట్టిగ పచ్చగుర్తు జూసి ఊకోవద్దు, ప్రతి శనివారం క్లౌడ్ కెల్లి ఒక్క ఫైలన్న కిందికి దింపి తెరిచి చూపియ్యాలె నాకు.”

ఫోను సుశాంత్ చేతికి వెళ్ళింది. “సారీ అంకుల్, నేను అప్పుడే వినాల్సింది.”

“అంకుల్ అనకు. భూపాల్ అను. ఆ రోజు నువ్వు ఇనలే, నేను మల్ల చెప్పలే. నా దాని సంగతి నేను జూస్కుంట, నీ దాని సంగతి నువ్వు జూస్కో.”

మూడు రోజులు పట్టింది. కూలీలు పారలతో మట్టి తీస్తుంటే, భూపాల్ చీపురుతో రాళ్ళు ఊడ్చి అంచులు చూసుకొన్నాడు. తొమ్మిది కుటుంబాలవాళ్ళూ గొడుగులు పట్టుకొని చుట్టూ నిలబడ్డారు. టేపు రెండో కొస వంశీధర్ చేతికిచ్చి, “సున్నా మీ దిక్కు సార్, రాయికి ఆనిచ్చి పట్టున్రి,” అన్నాడు. తెల్లచొక్కా మీద బురద చిందుతున్నా వంశీధర్ వదలకుండా పట్టుకొన్నాడు. ఒకసారి వేలు జారితే భూపాల్ మళ్ళీ మొదటి నుంచి కొలిపించాడు. ప్రతి అంకెనూ గట్టిగా చదివి, ఆ గోడకు రెండువైపులవాళ్ళ చేత ఔననిపించి, అప్పుడే కాగితం మీద వేశాడు. విద్యాసాగర్ ప్రతి అంకెకూ ఫోటో తీశాడు. ఈసారి ఎవరూ ఆపలేదు.

లోపలి గోడలు ఎనిమిదింట ఏడు దొరికాయి. దొరకనిది పడమటి చివరిది. దాని రాళ్ళు సోమవారమే లారీ ఎక్కి వెళ్ళిపోయాయి. ఆ గోడకు ఒక పక్క విద్యావతి, మరో పక్క విద్యాసాగర్.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ ఆ గుంట దగ్గర నిలబడ్డారు. నిన్నటిదాకా ఒకే గొడుగు కింద ఉన్నవాళ్ళు ఇప్పుడు రెండు గొడుగుల కిందికి మారారు.

“గీడ ఉండె గోడ,” అని విద్యావతి చెప్పు కాలితో చూపించింది.

“గాడ గాదు పెద్దమ్మా, గీ దిక్కు. మా నాయిన మంచం గీడికెల్లి గీడిదాంక పట్టేది.”

“మీ నాయిన మంచం నాకు చెప్తున్నవా? నేనే కొనిచ్చిన.”

“కొనిచ్చిన్రు, కొలిచి ఇయ్యలే గద.”

ఇద్దరూ భూపాల్ వైపు తిరిగారు. విద్యావతి అంది: “నువ్వు కొలిచినవ్ గద. మతికి ఉండదా? చెప్పు.”

అతనికి మతికి ఉంది. ఆ గోడ అంకె సోమవారం రాత్రి మనసులో తడబడకుండా వచ్చినవాటిలో ఒకటి. కాని తప్పినవి కూడా అంత ధీమాగానే వచ్చాయి. ఆ రాత్రి సరేననుకున్న మూడు అంకెలు ఈ మూడు రోజుల్లో రాళ్ళ ముందు అబద్ధాలని తేలాయి. ఒకటి జానెడు తేడా.

“మతికున్నది. చెప్ప.”

“ఎందుకు చెప్పవ్?”

“మూడు తప్పినయి అక్కా. గిది గూడ తప్పైతే, నా మాట మీద మీరు గోడ కడ్తరు. మనుమల దాంక ఉంటది అది.”

తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొన్న కాగితం తీశాడు. ఏడు గోడలకు నిండు గీతలున్నాయి. ఎనిమిదోదాని చోట చుక్కల గీత గీసి, పక్కన రాశాడు: ‘ఈ గోడ కొలత పోయినది. తెలిసియు చెప్పకపోవుట చేత పోయినది.’ కింద పేరు పెట్టాడు. వంశీధర్ చదివి, పెన్ను అడిగి తీసుకొని, ఆ పేరు కింద తన పేరూ రాశాడు.

విద్యావతి కళ్ళజోడు పెట్టుకొని రెండుసార్లు చదివింది. కాగితం తిరిగి ఇచ్చేసింది.

“చెప్పమని ఎవ్వరు అడగనప్పుడు చెప్పేది ఉండె, చెప్పలే. ఇప్పుడు కాళ్ళావేళ్ళా పడి అడుగుతున్నం, చెప్పవ్. ఏం మనిషివి నువ్వు.”

ఆమె గొంతులో క్షమ లేదు. ఉండాలని అతనూ అడగలేదు.

“మీ ఇద్దరు ఒక్క చోటికొస్తే చెప్పున్రి,” అన్నాడు. “గక్కడ మేకు కొడ్త.”

విద్యాసాగర్ తన వైపు నుంచి అడుగుల లెక్క చెప్పాడు. విద్యావతి తన పెళ్ళినాటి బీరువా పొడవు చెప్పింది. అతను తాత మాట ఎత్తాడు, ఆమె అత్త మాట ఎత్తింది. వాన చినుకు మొదలైంది. కూలీలు గోనెసంచులు తల మీద వేసుకొని అంచుకు వెళ్ళారు. వంశీధర్ టేపు చుట్టబోయాడు.

“ఉండనియ్యిన్రి సార్,” అన్నాడు భూపాల్.

సుత్తి ఒక చేత, ఇనుప మేకు ఒక చేత పట్టుకొని, వాళ్ళిద్దరూ చూపించే రెండు చోట్లకూ నడుమ, మూరెడు బురదనేలలో అతను నిలబడి వింటున్నాడు.